మెదడు కణితిని పట్టిచ్చే తేలు విషం

మెదడు కణితి ఆపరేషన్‌లో న్యూరోసర్జన్‌ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టే ప్రశ్న, ఎక్కడ ఆపాలి అన్నది. పుర్రె తెరిచాక కణితి నడిభాగం చాలాసార్లు తేలిగ్గానే తెలుస్తుంది. రంగు తేడాగా ఉంటుంది, పనిముట్టుకు తగిలే తీరు వేరుగా ఉంటుంది. అంచుకు వచ్చేసరికి ఈ గుర్తులన్నీ మాయమవుతాయి. కేన్సర్ కణాలు మంచి కణాల మధ్యకు చొరబడి, చూడ్డానికి వాటిలాగే ఉంటాయి. బియ్యంలో తెల్లరాళ్లు ఏరడం ఎంత కష్టమో ఇదీ అంతే. కాకపోతే బియ్యంలో రాయితోపాటు నాలుగు గింజలు పోయినా నష్టం లేదు. మెదడులో నాలుగు మిల్లీమీటర్లు అదనంగా తీస్తే మాట పడిపోవచ్చు, చెయ్యి చచ్చుబడిపోవచ్చు.

పెద్దపేగులో కణితి వస్తే చుట్టూ కొన్ని సెంటీమీటర్ల మంచి పేగును కూడా కలిపి తీసేస్తారు. రొమ్ములోనూ అంతే, కొంత మార్జిన్ పెట్టుకుంటారు. మెదడు విషయంలో ఆ వెసులుబాటు లేదు. ఆపరేషన్‌కు ముందు తీసిన ఎమ్మారై కూడా చివరిదాకా దారి చూపదు. పుర్రె తెరిచి, లోపలి ద్రవం కొంత బయటికి పోగానే మెదడు కాస్త కుంగి పక్కకు జరుగుతుంది. స్క్రీన్ మీద పటం పాతదే ఉంటుంది, కింద మెదడు మాత్రం ఆ చోట ఉండదు.

ఈ అంచే చివరికి ప్రాణాల మీదికి తెస్తుంది. పెద్దవాళ్లలో వచ్చే మెదడు కేన్సర్లలో అతి మొండిది గ్లియోబ్లాస్టోమా. ఆపరేషన్ తర్వాత రేడియేషన్‌తోపాటు టెమోజోలోమైడ్ అనే మందు ఇవ్వడం 2005లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌తో ప్రామాణిక చికిత్స అయింది. ఆ ట్రయల్‌లో మధ్యస్థ జీవితకాలం (అంటే రోగుల్లో సగం మంది దాటగలిగిన కాలం) 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగింది. రెండున్నర నెలల పెరుగుదలను వైద్యలోకం పెద్ద విజయంగా తీసుకుందంటే ఈ జబ్బు ఎంత కఠినమైనదో అర్థమవుతుంది. కణితి తిరగబెట్టినప్పుడు చాలావరకు మొదట తీసిన చోటికి రెండు సెంటీమీటర్ల లోపే పుడుతుంది. అంటే అప్పుడు కనపడక వదిలేసిన కణాలే మళ్లీ పెరుగుతున్నాయన్నమాట. పిల్లల్లో వచ్చే మెడుల్లోబ్లాస్టోమాలోనూ ఆపరేషన్ తర్వాత చదరపు సెంటీమీటరున్నర కన్నా ఎక్కువ కణితి మిగిలితే ఆ బిడ్డను ఎక్కువ ముప్పు ఉన్న వర్గంలో చేర్చి, చికిత్స తీవ్రత పెంచుతారు.

ఈ అంచును చూపించగల పదార్థం కోసం వెతికినవాళ్లకు అది ఒక ఎడారి తేలు కొండిలో దొరికింది.

ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారుల్లో తిరిగే పసుపు రంగు తేలు అది. శాస్త్రీయ నామం లీయురస్ క్వింక్వెస్ట్రియేటస్. జనం పిలిచే పేరు డెత్‌స్టాకర్. పేరుకు తగ్గట్టే దాని కాటు చిన్నపిల్లల ప్రాణం తీయగలదు. అయితే తేలు విషం ఒకే పదార్థం కాదు. అందులో పదుల సంఖ్యలో చిన్న చిన్న ప్రొటీన్ ముక్కలు, అంటే పెప్టైడ్‌లు ఉంటాయి. ఒకటి నరాల్లో సోడియం వెళ్లే మార్గాన్ని పట్టుకుంటుంది, ఇంకొకటి పొటాషియం మార్గాన్ని మూస్తుంది, మరొకటి పురుగుల మీద మాత్రమే పనిచేస్తుంది. కోట్ల ఏళ్లుగా ఎరను క్షణాల్లో పడగొట్టడానికి తయారైన అణువులివి. ఏ అణువు కణం పైపొరలో దేన్ని పట్టుకోవాలో ఆ గురి చాలా పక్కాగా ఉంటుంది. మందుల పరిశోధకులు విషాల వెంట పడటానికి కారణం ఈ గురే.

ఇదేమీ వింత కాదు. బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ బిళ్లలు మన ఇళ్లలో చాలామందికి తెలిసినవే. వాటి మూలం బ్రెజిల్‌లోని జరరాకా అనే రక్తపింజరి జాతి పాము విషం. 1960లలో సెర్జియో ఫెరేరా ఆ విషంలో కనిపెట్టిన పెప్టైడ్‌ల ఆధారంగా కాప్టోప్రిల్ తయారైంది, 1981లో అమెరికాలో ఆమోదం పొందింది. ఆ తర్వాత వచ్చిన 'ప్రిల్' మందులన్నీ ఆ దారిలో వచ్చినవే. భరించలేని నొప్పికి వెన్నులోకి ఇచ్చే జికోనోటైడ్ అనే మందుకు మూలం ఒక సముద్రపు నత్త విషం.

డెత్‌స్టాకర్ విషంలోంచి 1993లో డీబిన్, మాజియో, స్ట్రైకార్ట్జ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఒక పెప్టైడ్‌ను శుద్ధి చేశారు. కణాల్లోకి, బయటికి క్లోరైడ్ వెళ్లే మార్గాలను అది అడ్డుకుంటుందని చూసి క్లోరోటాక్సిన్ అని పేరు పెట్టారు. అందులో ఉన్నవి 36 అమైనో ఆమ్లాలే. నాలుగు గంధకపు బంధాలు దాన్ని గట్టిగా ముడివేసి ఉంచుతాయి. ఆ ముడి వల్లే శరీరంలోని ఎంజైములు దాన్ని తొందరగా ముక్కలు చేయలేవు. ఇంజెక్ట్ చేస్తే క్రేఫిష్ (రొయ్యను పోలిన మంచినీటి జీవి) లాంటి జీవులు చచ్చుబడిపోతాయి గానీ, క్షీరదాలకు దానివల్ల పెద్దగా హాని లేదు. తేలు కాటులో మనిషి ప్రాణం తీసేవి వేరే పెప్టైడ్‌లు. 'తేలు విషంతో కేన్సర్‌ను చంపుతారట' అని వార్తల్లో వచ్చే వాక్యం తప్పుదారి పట్టేది సరిగ్గా ఇక్కడే. ఇంతవరకు ఈ రంగంలో ముందుకు సాగిన ఏకైక తేలు అణువు కేన్సర్‌ను చంపగలిగినందుకు ఎంపిక కాలేదు. కేన్సర్‌ను పోల్చుకుని అంటుకుంటుంది కాబట్టి ఎంపికైంది.

అంటుకుంటుందని ఎలా తెలిసింది? ఇందులో కాస్త అదృష్టం ఉంది, చాలా తర్కం ఉంది. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం బర్మింగ్‌హామ్ క్యాంపస్‌లో హెరాల్డ్ సోంథైమర్ అనే నాడీశాస్త్రవేత్త గ్లియోమా కణాలు మెదడులో ఎలా పాకుతాయో చదువుతున్నారు. నరాల కణాలకు ఆసరాగా ఉండే గ్లియా కణాల రకం కణితులే గ్లియోమాలు, గ్లియోబ్లాస్టోమా వాటిలో ఒకటి. మెదడులో కణాల మధ్య ఖాళీ దాదాపు ఉండదు. అంత ఇరుకులోంచి దూరాలంటే కేన్సర్ కణం తన పరిమాణాన్ని తగ్గించుకోవాలి. అది క్లోరైడ్‌ను, పొటాషియంను బయటికి వదులుతుంది. ఉప్పు వెంట నీరు పోతుంది, కణం కుంచించుకుంటుంది, సందులోంచి జారిపోతుంది. మరి క్లోరైడ్ మార్గాన్ని మూస్తే? ఆ ప్రశ్నతోనే ఆయన బృందం క్లోరోటాక్సిన్‌ను తెచ్చి గ్లియోమా కణాల మీద పోసింది. పాకడం మందగించింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి 1998లో బయటపడింది. రేడియోధార్మిక అయోడిన్ తగిలించిన క్లోరోటాక్సిన్ గ్లియోమా కణాలకు అతుక్కుంది, పక్కనున్న మామూలు మెదడు కణజాలాన్ని దాదాపుగా వదిలేసింది. 2002లో అదే బృందం 200కు పైగా కణజాల నమూనాలను పరీక్షించి, గ్లియోమాలతోపాటు, పిండంలో వాటి మూలమైన పొర నుంచే పుట్టే మరికొన్ని కణితులకూ అది అంటుకుంటుందని చూపింది.

ఇక్కడ మన నేల మీది తేలుకూ ఒక చిన్న పాత్ర ఉంది. గ్లియోమా కణం కుంచించుకోవడానికి పొటాషియం కూడా బయటికి పోవాలి కదా. ఆ పొటాషియం మార్గాల్లో ఒక రకం ఈ కేన్సర్ కణాల్లో ఎక్కువగా ఉంటుంది. అలాంటి మార్గాలను గుర్తించి మూయడానికి ప్రపంచమంతటా ల్యాబుల్లో వాడే పదార్థం ఐబీరియోటాక్సిన్. పేరు చూస్తే స్పెయిన్ వైపుది అనిపిస్తుంది గానీ, అది భారతీయ ఎర్ర తేలు విషంలోంచి 1990లో తీసింది. రాయలసీమ, తెలంగాణ, కొంకణ్ పల్లెల్లో రాళ్ల కింద, గోడల సందుల్లో ఉండే తేలే అది. దాని కాటుకు గుండె దెబ్బతిని మనుషులు చనిపోతుంటే, మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రజోసిన్ అనే మామూలు బీపీ మందుతో ఆ మరణాలను బాగా తగ్గించవచ్చని చూపించారు. పల్లెలో మనిషిని కుట్టే ఆ విషంలోని ఒక ముక్క, ఎక్కడో ల్యాబులో కేన్సర్ కణం కదలికను చదివే పనిముట్టయింది. ఇప్పటికి అది మందు కాదు, కేవలం పనిముట్టు.

క్లోరోటాక్సిన్ కథ మలుపు తిరిగింది సియాటిల్‌లో. పిల్లల మెదడు కేన్సర్లకు చికిత్స చేసే డాక్టర్ జిమ్ ఒల్సన్ అప్పట్లో అక్కడి ఫ్రెడ్ హచిన్‌సన్ కేన్సర్ కేంద్రంలో పరిశోధకుడు కూడా. ఒక అమ్మాయికి గంటల తరబడి ఆపరేషన్ జరిగాక కూడా కణితి ముక్క ఒకటి లోపలే మిగిలిపోయిందని స్కాన్‌లో తేలింది. చుట్టూ ఉన్న మెదడులాగే కనిపించడంతో సర్జన్ దాన్ని పోల్చుకోలేకపోయారు. సర్జన్ కళ్లకు కణితి వెలుగుతూ కనిపిస్తే బాగుండునన్న ఆలోచన అక్కడ పుట్టింది. కేన్సర్‌కు మాత్రమే అంటుకునే అణువు ఏదైనా ఉందా అని పాత పరిశోధనల్లో వెతికితే క్లోరోటాక్సిన్ ఎదురైంది. దానికి నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో మెరిసే ఒక రంగును కలిపి 2007లో ఎలుకల మీద ఫలితాలు ప్రచురించారు. ట్యూమర్ పెయింట్ అన్న పేరు అప్పుడే జనంలోకి వెళ్లింది. ఎలుక శోషరస నాళంలో 200 కేన్సర్ కణాలున్నా ఆ మెరుపు పట్టిచ్చింది. ఎమ్మారై కన్నా 500 రెట్లు సున్నితమని అప్పట్లో వార్తలు వచ్చాయి. అది ఎలుకల్లో లెక్క. మనిషి మెదడులో అంతే పనిచేస్తుందని అప్పుడు ఎవరూ చూపలేదు.

నియర్ ఇన్‌ఫ్రారెడ్ ఎందుకు? మామూలు కాంతిని రక్తం పీల్చేసుకుంటుంది. ఎరుపు దాటిన కాంతి రక్తంలోంచి, కణజాలంలోంచి కొంత లోతుకు వెళ్లగలదు. పైన పల్చగా రక్తం చేరినా కింద మెరుస్తున్నది కెమెరాకు అందుతుంది. ఈ కాంతి కంటికి కనిపించదు కాబట్టి ప్రత్యేక కెమెరా పట్టి, ఆ బొమ్మను మామూలు బొమ్మ మీద రంగుగా వేసి స్క్రీన్ మీద చూపిస్తారు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి రంగు మార్చారు. ల్యాబులో వాడినదాని స్థానంలో ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును అతికించారు. కళ్ల పరీక్షల్లో, లివర్ పరీక్షల్లో, ఇప్పుడు లాప్రోస్కోపీ ఆపరేషన్లలో కూడా వాడే రంగే ఇది. 1950ల చివరి నుంచీ మనుషులకు ఇస్తున్నారు కాబట్టి భద్రత గురించి భయం తక్కువ. ఇలా తయారైన మందు పేరు టోజులెరిస్టైడ్. దీన్ని ముందుకు తీసుకెళ్లడానికి బ్లేజ్ బయోసైన్స్ అనే కంపెనీ పుట్టింది. గ్లియోమా ఉన్న 17 మంది పెద్దవాళ్ల మీద చేసిన మొదటి దశ ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. 3 మిల్లీగ్రాముల నుంచి 30 మిల్లీగ్రాముల దాకా ఒకే డోసు ఇచ్చారు. మోతాదు ఆపేయాల్సినంత దుష్ప్రభావం ఎవరికీ రాలేదు. తీవ్రమైన గ్లియోమాలు బాగా మెరిశాయి, తక్కువ తీవ్రత ఉన్నవి కూడా కొన్ని మెరిశాయి, కానీ మసకగా. పిల్లల మెదడు కణితుల మీద కూడా ట్రయల్స్ జరిగాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం మాత్రం ఈ మందుకు రాలేదు.

తొలి ప్రయోగం నుంచి ఇంత కాలమైనా ఆమోదం ఎందుకు రాలేదన్నది న్యాయమైన ప్రశ్న. ఒక జవాబు పోటీదారు రూపంలో ఉంది. 5-ఏఎల్ఏ అనే పదార్థాన్ని ఆపరేషన్‌కు కొన్ని గంటల ముందు తాగిస్తే, గ్లియోమా కణాలు దాన్ని మార్చుకుని నీలి కాంతిలో గులాబీ రంగులో మెరుస్తాయి. జర్మనీలో జరిగిన ట్రయల్ ఫలితాలు 2006లో వచ్చాయి. దీన్ని వాడితే 65 శాతం మందిలో స్కాన్‌లో కనిపించే కణితి మొత్తం తీయగలిగారు, వాడకపోతే 36 శాతం మందిలోనే. ఆరు నెలలకు జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు 41 శాతం, 5-ఏఎల్ఏ వాడనివాళ్లలో 21 శాతం. యూరప్‌లో 2007లో, అమెరికాలో 2017లో దానికి అనుమతి వచ్చింది. అయితే మొత్తం జీవితకాలంలో ఆ ట్రయల్ స్పష్టమైన తేడా చూపలేకపోయింది. కణితి ఎక్కువ తీస్తే మనిషి ఎక్కువ కాలం బతుకుతాడా అన్నది వినడానికి సులువైన ప్రశ్నే, తేల్చడానికి మాత్రం చాలా కష్టం. తేలు రంగు గెలవాలంటే 5-ఏఎల్ఏకు కనిపించనిది చూపించాలి. తక్కువ తీవ్రత గ్లియోమాల్లో, పిల్లల కణితుల్లో 5-ఏఎల్ఏ బలహీనం. టోజులెరిస్టైడ్‌కు దారి ఉంటే అక్కడే ఉంది. పిల్లల ట్రయల్స్ మీద దృష్టి పెట్టడం ఆ లెక్కన సరైన నిర్ణయమే.

ఇంకో జవాబు శాస్త్రంలోనే ఉంది. ఈ పెప్టైడ్ కేన్సర్ కణంలో దేన్ని పట్టుకుంటోంది? మొదట క్లోరైడ్ మార్గమే అనుకున్నారు. 2003లో ఎంఎంపీ-2 అనే ఎంజైమ్ అన్నారు. మెదడు కణాల మధ్య అల్లికను కోసుకుంటూ ముందుకు పోవడానికి గ్లియోమా దీన్ని వాడుకుంటుంది. 2010లో అనెక్సిన్ ఏ2 అనే ప్రొటీన్ పేరు వచ్చింది. తర్వాత న్యూరోపిలిన్-1 అనే ఇంకో ప్రొటీన్ వచ్చింది. బహుశా ఒక్కటి కాదేమో, కొన్ని కలిసిన గుంపు కావచ్చు. పనిచేస్తే చాలదా, ఎలా పనిచేస్తే మనకెందుకు అనిపించవచ్చు. కానీ ఏ రోగి కణితికి ఈ రంగు అంటుతుంది, ఎవరికి అంటదు అని ముందుగా చెప్పాలంటే అది దేన్ని పట్టుకుంటుందో తెలిసి తీరాలి.

రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే గోడ సంగతి కూడా చూడాలి. చాలా మందులను మెదడులోకి రానివ్వకుండా ఆపేది ఈ గోడే. గ్లియోబ్లాస్టోమా నడిభాగంలో ఈ గోడ చిల్లులు పడి ఉంటుంది. ఎమ్మారైలో కాంట్రాస్ట్ (స్కాన్‌లో తేడా తెలిసేలా రక్తంలోకి ఇచ్చే పదార్థం) ఎక్కించినప్పుడు కణితి తెల్లగా మెరిసేది అందుకే. పాకుతూ బయటికి వచ్చిన అంచు కణాల దగ్గర మాత్రం గోడ చాలావరకు గట్టిగానే ఉంటుంది. యాంటీబాడీలతో పోలిస్తే క్లోరోటాక్సిన్ చాలా చిన్నది, దాదాపు నలభయ్యో వంతు బరువు. ఎలుకల్లో ఆ గోడ దాటినట్టు చూపిన ప్రయోగాలున్నాయి. మనిషిలో, అందులోనూ కాంట్రాస్ట్‌కు మెరవని అంచులో, ఎంత మోతాదు చేరుతుందన్నదే ఇక్కడ అసలు పరీక్ష.

చూపించడం నుంచి చికిత్సకు వస్తే కథ ఇంకాస్త పాతది, ఇంకాస్త నిరాశ కలిగించేది. సోంథైమర్ పరిశోధన ఆధారంగా పుట్టిన ట్రాన్స్‌మాలిక్యులర్ అనే కంపెనీ ల్యాబులో తయారుచేసిన క్లోరోటాక్సిన్‌కు రేడియోధార్మిక అయోడిన్-131 తగిలించింది. థైరాయిడ్ కేన్సర్‌కు ఇచ్చే అయోడినే ఇది. ఆపరేషన్‌లో కణితి తీసిన గుంటలోకి ఒక చిన్న గొట్టం ద్వారా దీన్ని పంపిస్తే, అక్కడ మిగిలిన కేన్సర్ కణాలకు అంటుకుని దగ్గర నుంచే రేడియేషన్ ఇస్తుంది. ఇక్కడ కూడా చంపేది తేలు ముక్క కాదు, అది మోసుకెళ్లిన అయోడిన్. జబ్బు తిరగబెట్టిన 18 మంది మీద చేసిన మొదటి దశ ఫలితాలు 2006లో వచ్చాయి. భద్రత బాగానే ఉంది. మూడు వారాలు దాటేసరికే ఎక్కువ మందిలో జబ్బు ముదిరింది. ఇద్దరిలో మాత్రం 30 నెలలకు పైగా మెరుగుదల కొనసాగింది. ఇలాంటి ఇద్దరి కథ వినగానే ఆశ పుడుతుంది. కానీ పోల్చడానికి రెండో గుంపు లేని 18 మందిలో ఇద్దరు బాగుపడటం మందు వల్లే అని చెప్పలేం. తర్వాత ఈ మందు ఇంకో కంపెనీ చేతికి వెళ్లింది గానీ, చికిత్సగా ఆసుపత్రుల దాకా రాలేదు.

అదే పెప్టైడ్ ఇప్పుడు మరో రూపంలో వచ్చింది. కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్ కేన్సర్ కేంద్రంలో క్రిస్టీన్ బ్రౌన్, మైకేల్ బారిష్ బృందం కార్-టీ చికిత్సలో క్లోరోటాక్సిన్‌ను వాడింది. రోగి రక్తంలోంచి టీ-కణాలు అనే రోగనిరోధక కణాలు తీసి, కేన్సర్‌ను గుర్తుపట్టే ఒక కొక్కెం వాటికి తగిలించి, మళ్లీ శరీరంలోకి ఎక్కించే పద్ధతి ఇది. మన దేశంలో కూడా ఈ పద్ధతి వచ్చింది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కు 2023లో అనుమతి లభించింది, అయితే అది రక్త కేన్సర్లకు. రక్త కేన్సర్లలో కణాలన్నిటి మీదా దాదాపు ఒకే గుర్తు ఉంటుంది కాబట్టి కొక్కెం ఎంచుకోవడం సులువు. గ్లియోబ్లాస్టోమాలో ఒకే కణితిలోని కణాలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి. ఒక గుర్తున్నవాటిని చంపితే ఆ గుర్తు లేనివి మిగిలి మళ్లీ పెరుగుతాయి. క్లోరోటాక్సిన్ మీద ఆసక్తి ఇక్కడే పుట్టింది. రోగుల కణితుల నుంచి తీసిన కణాల మీద పరీక్షిస్తే, అప్పటిదాకా వాడుతున్న గుర్తుల కన్నా ఎక్కువ కణాలకు అది అంటుకుంది. 2020లో ఈ పని ప్రచురితమైంది, అదే కాలంలో మనుషుల మీద ట్రయల్ మొదలైంది. 2024లో వచ్చిన తొలి నలుగురి ఫలితాల్లో చికిత్సను అందరూ తట్టుకోగలిగారు, ముగ్గురిలో జబ్బు కొంతకాలం నిలకడగా ఉంది. కణితి కరిగిపోయిన సందర్భం లేదు.

తేలును వదిలి మిగతా విషాల వైపు చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. తేనెటీగ విషంలో ముఖ్యమైనది మెలిటిన్. 26 అమైనో ఆమ్లాల ఈ పెప్టైడ్ కణం పైపొరకు చిల్లులు పొడుస్తుంది. గాజు పాత్రలో కేన్సర్ కణాల మీద పోస్తే అవి చచ్చిపోతాయి. 'తేనెటీగ విషంతో కేన్సర్ మాయం' అని తరచూ కనిపించే వార్తల వెనుక ఉన్నది ఇదే. చిక్కల్లా అది ఎర్ర రక్తకణాలనూ అలాగే చీల్చుతుంది. మంచీ చెడూ తేడా తెలియని విషానికి పాత్రలో విజయం తేలికే, శరీరంలో కష్టం. అదే తేనెటీగ విషంలోని అపామిన్ అనే ఇంకో పెప్టైడ్‌కు మెదడులోకి దూరే గుణం ఉంది. బార్సిలోనాలో ఎర్నెస్ట్ జిరాల్ట్ బృందం దాన్ని కత్తిరించి, విషగుణం తీసేసి, మినీఏపీ-4 అనే చిన్న పెప్టైడ్ చేసింది. మందులను రక్తం నుంచి మెదడులోకి మోసుకెళ్లడం దాని పని. ఇంకా ల్యాబు దశలోనే ఉన్నా, మెలిటిన్ కన్నా దీని మీదే ఆశ పెట్టుకోవడం మంచిది.

పాము విషాల్లో డిసింటెగ్రిన్‌లు అనే ప్రొటీన్‌లుంటాయి. కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే ఇంటెగ్రిన్‌లను అవి అడ్డుకుంటాయి. గుండెపోటు రోగులకు ఇచ్చే ఎప్టిఫిబటైడ్, టిరోఫిబాన్ ఈ దారిలో వచ్చినవే. అమెరికా కాపర్‌హెడ్ పాములో దొరికిన కాంటార్ట్రోస్టాటిన్ ఎలుకల్లో గ్లియోమా పెరుగుదలను తగ్గించింది. కానీ అదే రకం ఇంటెగ్రిన్‌లను గురిపెట్టిన సిలెంగిటైడ్ అనే మందు, అది విషంలోంచి వచ్చింది కాకపోయినా, 545 మంది గ్లియోబ్లాస్టోమా రోగుల మీద జరిగిన మూడో దశ ట్రయల్‌లో జీవితకాలం పెంచలేక 2014లో ఆగిపోయింది. పాము మందు వచ్చేస్తోందనే వార్త చదివినప్పుడు ఈ ఓటమిని కూడా గుర్తు పెట్టుకోవాలి.

ఈ పరిశోధన నీడలో ఒక వ్యాపారం కూడా నడుస్తోంది. క్యూబాలో నీలి తేలు విషం పేరుతో విడాటాక్స్ అనే మందు అమ్ముతారు. కేన్సర్ రోగుల కుటుంబాలు దేశాలు దాటి వెళ్లి కొనుక్కుంటున్నాయి. అది 30సీహెచ్ హోమియో మందు. అంటే వందకు ఒకటి చొప్పున ముప్పైసార్లు పలచన చేసింది. అంత పలచన చేశాక సీసాలో ఒక్క విషపు అణువు కూడా మిగలదు. టోజులెరిస్టైడ్‌కూ దీనికీ తేలు అన్న మాట తప్ప ఇంకే పోలికా లేదు. లీటరు తేలు విషం కోట్లు పలుకుతుందని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు ఇంకో రకం. ఒక తేలు ఒక్కసారికి ఇచ్చేది మిల్లీగ్రాములో కొంత భాగమే. కేన్సర్ పరిశోధనకు తేళ్లను పట్టాల్సిన అవసరమే లేదు. 36 అమైనో ఆమ్లాల వరుస తెలిసింది కాబట్టి క్లోరోటాక్సిన్‌ను యంత్రాల మీద తయారుచేసుకుంటున్నారు. రాళ్లు తిరగేసి తేళ్లను పట్టేవాళ్లకు చివరికి దక్కేది కాటే.

ఇకముందు చూడాల్సింది రెండు మూడు విషయాలు. పిల్లల ట్రయల్స్‌లో సర్జన్‌కు అనుమానం వచ్చిన చోట మెరుపు ఏం చెప్పింది, అదే ముక్కను మైక్రోస్కోప్ కింద పెడితే ఏం తేలింది అన్న పోలిక మొదటిది. మెరిసినదంతా కేన్సర్ కాకపోతే సర్జన్ మంచి మెదడు తీసేస్తారు, మెరవనిదంతా మంచిదని నమ్మితే కేన్సర్ వదిలేస్తారు. రెండు తప్పులూ ఎంత తరచుగా జరుగుతాయో అంకెల్లో తెలియాలి. రెండోది కెమెరా. ఇండోసయనిన్ గ్రీన్ చూసే కెమెరాలు మన పెద్ద ఆసుపత్రుల్లో కూడా ఉన్నాయి. కానీ కణితికి అంటుకునే రంగు చాలా కొద్ది మోతాదు, దాన్ని ఆపరేషన్ లైట్ల కిందే పట్టుకోవాలంటే ఇంకా సున్నితమైన కెమెరా కావాలి, అంటే ఇంకో ఖర్చు. మూడోది కార్-టీ ట్రయల్‌లో మోతాదు పెంచినప్పుడు నిలకడ కరుగుదలగా మారుతుందా అన్నది. నలుగురి మీద వచ్చిన ఫలితంతో అటూ ఇటూ ఏదీ చెప్పలేం.

ఇప్పటికి మన దగ్గర గ్లియోబ్లాస్టోమా రోగికి దొరికే చికిత్సలో తేలు ఎక్కడా లేదు. నిపుణుడైన సర్జన్, రేడియేషన్, టెమోజోలోమైడ్, వీలైన చోట 5-ఏఎల్ఏ, ఇవే ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చి, ఎవరో తేలు మందు గురించి చెబితే డాక్టర్‌ను అడగాల్సింది ఒకే మాట: ఇది రిజిస్టర్ అయిన ట్రయలేనా, అయితే ఏ దశలో ఉంది? ట్రయల్‌లో ప్రయోగాత్మక మందుకు మామూలుగా రోగి దగ్గర డబ్బు తీసుకోరు. తీసుకుంటున్నారంటే అనుమానించాల్సిందే.